గాలి జోరుగా ఉన్నప్పుడు కొత్త పతంగి



సంక్రాంతి దగ్గర పడిందంటే భైంసా బజారులో పతంగులు వేలాడుతాయి. పత్తి బండ్లు మార్కెట్టుకు వచ్చే రోజులూ అవే, పిల్లలు చరఖాలు పట్టుకొని మిద్దెలెక్కే రోజులూ అవే. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వినిపించే ఈ పట్టణంలో పతంగి మాటలు మాత్రం అందరికీ ఒక్కటే. మాంజా అన్నా, చరఖా అన్నా, ఢీల్ అన్నా ఏ ఇంటి పిల్లవాడికైనా అర్థమవుతుంది.

కొత్త పతంగి చేతికి వచ్చిన పిల్లవాడు ఆగలేడు. గాలి ఎంత జోరుగా ఉంటే అంత మంచిదని వాని నమ్మకం. పెద్దలమైన మనము రెండు మాటల్లో ఏదో ఒకటి అంటాము. "పోయి ఆడుకో" అంటాము, లేదా "వద్దు, పడతావు" అంటాము. ఈ రెండింటి మధ్య చెప్పవలసిన మాట ఒకటున్నది. జోరు గాలిలో కొత్త పతంగిని పరీక్షించబోయేవాడు ఎగరవేయడం కంటే ముందు వదిలిపెట్టడం నేర్చుకోవాలి. ఈ నెల ఆ ఒక్క సంగతి గురించే మీతో మాట్లాడాలని మేము అనుకుంటున్నాము.

మన గాలి, మన పతంగి

ఒకప్పటి ఆదిలాబాదు జిల్లాలో, 2016 అక్టోబరు నుండి నిర్మల్ జిల్లాలో ఉన్న భైంసా సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్నది. ఇక్కడి నల్లరేగడి నేలల మీద గాలికి దాని పద్ధతి దానికున్నది. జనవరి ఉదయాల్లో మంచు పట్టి గాలి కదలదు. ఎండ ఎక్కి నేల వేడెక్కిన కొద్దీ గాలి లేస్తుంది. పొద్దు వాలే వేళకు మళ్లీ తగ్గుతుంది. అసలైన జోరు గాలి సంక్రాంతికి కాదు, మృగశిర కార్తె దాటి నైరుతి గాలి మొదలైనప్పుడు వస్తుంది. ఎండాకాలంలో ఉరుములతో వచ్చే ఈదురుగాలి సంగతి వేరు. అది పతంగికి పనికివచ్చే గాలి కాదు.

పతంగులు ఎగరవేసి చేయి తిరిగినవాడు కొత్త పతంగిని కొనగానే గాలిలోకి విసరడు. ముందు నిలువు పుల్లను వేలితో తడుముతాడు, ఎక్కడైనా గంటు ఉన్నదేమోనని. వంపు పుల్లను రెండు కొనల దగ్గర పట్టుకొని మెల్లగా వంచి, రెండు పక్కలూ ఒకేలా వంగుతున్నాయా అని చూస్తాడు. ఒక పక్క బిరుసుగా ఉంటే పతంగి గాలిలో అటో ఇటో తిరిగి తలకిందులవుతుంది. తరువాత సూత్రం కడతాడు. గాలి మెల్లగా ఉన్నప్పుడు కట్టే సూత్రం వేరు, జోరుగా ఉన్నప్పుడు కట్టే సూత్రం వేరు. జోరు గాలికి పై దారాన్ని కొంచెం పొట్టిగా, కింది దారాన్ని కొంచెం పొడవుగా కడితే పతంగి ముందుకు వాలి, గాలికి తక్కువగా అడ్డం పడుతుంది. అప్పుడు లాగుడు తగ్గుతుంది. అప్పటికీ గింగిరాలు కొడుతుంటే తోక కడతాడు. మొదటిసారి ఎక్కువ దారం ఇవ్వడు. ఇంటి ఎత్తున ఒకసారి నిలబెట్టి చూసి, దింపి, సూత్రం సరిచేసి, ఆ తరువాతే పైకి పంపుతాడు.

ఈ ఓపిక పిల్లలకు పుట్టుకతో రాదు. పక్కన ఒక పెద్ద మనిషి ఉంటేనే వస్తుంది.

గాలి లెక్క

జోరు గాలి ఎందుకు ప్రమాదమో పిల్లలకు చెప్పడానికి ఒక చిన్న లెక్క చాలు. గాలి వేగం రెండింతలు అయితే పటాన్ని లాగే బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. వేగం మూడింతలైతే బలం తొమ్మిదింతలు. గంటకు 10 కిలోమీటర్ల గాలిలో చిటికెన వేలితో పట్టుకోగలిగిన పతంగి, 30 కిలోమీటర్ల గాలిలో తొమ్మిది రెట్ల బలంతో గుంజుతుంది. అందుకే పిల్లవాడు "నిన్న బాగానే ఎగిరింది గదా" అంటే, నిన్నటి గాలి వేరు, ఇవాళటి గాలి వేరు అని చెప్పాలి.

ఇంకొక సంగతి. గాలి ఒకే తీరుగా వీచదు. ఆగి ఆగి, ఒక్కసారిగా దబాయించి వస్తుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలి ఒక్క క్షణం 45కు పెరిగితే, ఆ క్షణంలో లాగుడు రెండింతలు దాటుతుంది. మిద్దెల మధ్య, గోడల వెనక గాలి సుడులు తిరుగుతుంది గనుక అక్కడ ఈ దెబ్బలు ఇంకా ఎక్కువ. చదునైన పొలంలో గాలి కొంత నిలకడగా ఉంటుంది. పెద్ద నీటి మీద ఇంకా నిలకడగా ఉంటుంది.

మనుషులను లాగిన పతంగులు

చేతిలోని దారాన్ని గుంజే పటం మనిషినే గుంజితే ఎలా ఉంటుందని ఎన్నో తరాల క్రితమే ఆలోచించినవారున్నారు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మీరు విన్నారు. 1752లో ఉరుముల మబ్బులో పతంగి ప్రయోగం చేసినవాడుగా ఆయన ప్రసిద్ధుడు. అంతకు ఎన్నో ఏండ్ల ముందు, బోస్టనులో బాలుడుగా ఉన్నప్పుడు, ఆయన ఒక చెరువు ఒడ్డున పతంగి ఎగరవేస్తూ నీళ్లలోకి దిగాడట. వెల్లకిలా తేలుతూ పతంగి దారం కట్టిన కర్రను పట్టుకుంటే, ఈత కొట్టే శ్రమ లేకుండానే అది ఆయనను అవతలి ఒడ్డుకు లాక్కొనిపోయింది. ఆయన బట్టలను వేరొక బాలుడు గట్టు చుట్టూ తిరిగి మోసుకొచ్చాడు. ఈ సంగతి ఫ్రాంక్లినే పెద్దయ్యాక ఒక ఉత్తరంలో రాశాడు.

ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణంలో జార్జి పోకాక్ అనే బడిపంతులు ఉండేవాడు. 1826లో ఆయన పతంగులు లాగే బండికి పేటెంటు పొందాడు. గుర్రాలు లేకుండా, గాలి బలంతోనే ఆ బండి రోడ్డు మీద పరుగెత్తేది. ఆ రోజుల్లోనే ఆయన తన చిన్న కూతురు మార్తాను కుర్చీలో కూర్చోబెట్టి పెద్ద పతంగితో పైకి లేపాడు. ఆ పిల్ల క్షేమంగా దిగింది. పెద్దయి పెళ్లి చేసుకొని, క్రికెట్ చరిత్రలో పేరెన్నిక గన్న డబ్ల్యూ.జి. గ్రేస్‌కు తల్లి అయింది. ఆ తండ్రి ధైర్యాన్ని మెచ్చుకోవాలో, ఆ పిల్ల అదృష్టాన్ని మెచ్చుకోవాలో పాఠకులే నిర్ణయించుకోండి. మనలో ఎవరమూ మన పిల్లలతో ఆ పని చేయము.

1903 నవంబరులో శామ్యూల్ కోడీ అనే ఆయన చిన్న పడవకు పతంగి కట్టి, ఫ్రాన్సులోని కలే నుండి ఇంగ్లండులోని డోవరుకు ఇంగ్లీషు కాలువ దాటాడు. సుమారు 13 గంటలు పట్టింది. పడవను లాగినది గాలే.

ఇవి ఒంటరి మనుషుల సాహసాలు. వాటిని వేలమంది నేర్చుకోగల ఆటగా మార్చడానికి ఇంకా ఎనభై ఏండ్లు పట్టింది.

సముద్రం మీద పతంగి

ఆ ఆట పేరు కైట్‌బోర్డింగ్. కాళ్ల కింద ఒక చిన్న బల్ల, నడుముకు గట్టి పట్టీ, ఆ పట్టీకి తగిలించిన అడ్డకర్ర, ఆ కర్ర నుండి 20 మీటర్లకు పైగా సాగే నాలుగు దారాలు, వాటి కొసన పెద్ద గుడ్డ పటం. గాలి పటాన్ని లాగితే మనిషి బల్ల మీద నిలబడి నీటి మీద దూసుకుపోతాడు. 12 చదరపు మీటర్ల పటమంటే పది అడుగుల వెడల్పు, పదమూడు అడుగుల పొడవు ఉన్న గది నేల అంత గుడ్డ. మన పిల్లల కాగితపు పతంగికి, దీనికి పోలిక ఆకారంలో లేదు. గాలితో నడిచే బేరం మాత్రం రెండింటికీ ఒక్కటే.

ఫ్రాన్సు దేశస్థులైన బ్రూనో, డొమినిక్ లెగైనో అనే అన్నదమ్ములు 1984లో ఒక పటానికి పేటెంటు కోరారు. దాని ముందు అంచు సైకిల్ ట్యూబులాగా గాలి నింపుకొనేది. నీళ్లలో పడినా మునగదు, మళ్లీ లేస్తుంది. 1990ల చివరి ఏండ్లలో అటువంటి పటాలు అంగళ్లకు వచ్చిన తరువాత ఈ ఆట దేశదేశాలకు పాకింది. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో భాగంగా మార్సెయ్ తీరాన మొట్టమొదటిసారి ఈ పోటీ జరిగింది. పురుషుల్లో ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటుస్, స్త్రీలలో బ్రిటనుకు చెందిన ఎలీ ఆల్డ్రిడ్జ్ బంగారు పతకాలు గెలిచారు. మన దేశంలో తమిళనాడులోని రామేశ్వరం తీరం ఈ ఆట నేర్చుకొనేవారికి తెలిసిన చోటు.

భైంసా పిల్లవాడికి ఈ ఆటతో ఏమి పని అని మీరు అడగవచ్చు. పని ఉన్నది. ఈ ఆట మొదటి రోజుల్లో చాలా ప్రమాదాలు జరిగాయి. పటానికి బలం ఉండేది గాని ఆ బలాన్ని ఒక్కసారిగా తీసివేసే మార్గం సరిగా ఉండేది కాదు. ఆ ప్రమాదాల నుండి వారు నేర్చుకున్న పాఠాలు మన మిద్దె మీది పిల్లవాడికి కూడా పనికివస్తాయి.

కొత్త పటాన్ని వారు పరీక్షించే తీరు

బాగా నేర్చినవాడు కొత్త పటంతో తీరానికి వస్తే ముందు పటాన్ని విప్పడు. గాలిని చూస్తాడు. ఎటు నుండి వీస్తున్నది, ఎంత జోరుగా ఉన్నది, దూరాన ఉరుముల మబ్బు ఏమైనా ఉన్నదా అని చూస్తాడు. ఒడ్డు నుండి సముద్రం వైపు గాలి వీస్తుంటే ఇంటికి వెళ్తాడు. ఏదైనా విరిగితే ఆ గాలి తనను నడిసముద్రానికి తీసుకుపోతుంది గనుక. తీరానికి వాలుగా వీచే గాలి అయితే మంచిది.

గాలి పెరిగితే పటం చిన్నది కావాలి. ఇది వారి మొదటి సూత్రం. మెల్లని గాలికి 12 చదరపు మీటర్ల పటం తీసేవాడు, జోరు గాలికి 7 చదరపు మీటర్ల పటం తీస్తాడు. జోరు గాలి వచ్చింది గదా అని పెద్ద పటం తీసేవాడిని అక్కడి పెద్దలు ఆపుతారు.

తరువాత గాలికి అవతలి వైపు, అంటే గాలి పటాన్ని తోసుకుపోయే వైపు, మనుషులు గాని, రాళ్లు గాని, తీగలు గాని లేకుండా చూస్తాడు. దారాల పొడవుకు రెండింతల దూరమైనా ఖాళీగా ఉండాలి. పటాన్ని బోర్లించి మీద ఇసుక పోసి, దారాలను ఒక్కొక్కటిగా నడుస్తూ పరచి, చిక్కు లేదని, నాలుగూ సరైన చోట ముడిపడ్డాయని చూస్తాడు. కొత్త పటంలో తప్పుగా కట్టిన ఒక్క దారం చాలు, అది లేవగానే గిర్రున తిరిగి మనిషిని ఇసుకలో ఈడ్చడానికి.

పటాన్ని ఎక్కడ లేపాలో కూడా ఒక లెక్క ఉన్నది. గాలికి వీపు పెట్టి నిలబడండి. మీ ఎదుట తక్కువ ఎత్తులో పటం ఉంటే లాగుడు అన్నింటికంటే ఎక్కువ. మీ పక్కకు, అంచుకు తీసుకుపోతే లాగుడు తగ్గుతుంది. అందుకని పటాన్ని ఎదుట లేపరు, పక్క అంచున లేపుతారు. అది లేచే ముందు సాయం పట్టినవాడు, ఎగరవేసేవాడు ఒకరికొకరు చేతి సైగ చేసుకుంటారు. సైగ లేకుండా ఎవరూ వదలరు. నెత్తి మీద పటాన్ని ఊరికే నిలిపి నేల మీద నిలబడి మాట్లాడుకోవడం కూడా తప్పే. ఒక్క గాలి దెబ్బకు అది మనిషిని నిలువునా పైకి లేపగలదు.

మూడు మెట్లు

ఇవన్నీ ఒక ఎత్తు. ఇప్పుడు చెప్పబోయేది ఒక ఎత్తు. పటాన్ని వదిలిపెట్టడానికి వారికి మూడు మెట్లున్నాయి.

మొదటి మెట్టు, చేతిలోని అడ్డకర్రను వదలడం. వదలగానే పటం వాలి దాని బలం చాలావరకు పోతుంది. రెండవ మెట్టు, నడుము దగ్గరి బిళ్లను తోయడం. తోస్తే పటం నాలుగు దారాల పట్టు తప్పి, ఒకే దారానికి వేలాడుతూ జెండాలాగా కింద పడుతుంది. అప్పటికీ అది లాగుతుంటే మూడవ మెట్టు, ఆ ఒక్క దారాన్ని కూడా వదిలివేయడం. ఎంతో డబ్బు పోసి కొన్న పటం గాలికి కొట్టుకుపోతుంది. మనిషి మిగులుతాడు.

నేర్పేవారు ఈ మూడింటినీ ఒడ్డు మీదనే, పటం లేవకముందే, చేయి గుర్తుపట్టేదాకా చేయిస్తారు. కొత్త పటం కొన్నవాడు ఎన్నేండ్ల అనుభవం ఉన్నా సరే, ఆ పటం బిళ్ల ఎక్కడున్నదో, ఎటు తోయాలో ముందు తోసి చూసుకుంటాడు. ఎందుకంటే ఆపద వచ్చినప్పుడు ఆలోచించే సమయం ఉండదు. పైగా మన చేతి స్వభావం చిత్రమైనది. భయం వేస్తే చేయి విడువదు, ఇంకా గట్టిగా బిగుస్తుంది. వదలవలసిన క్షణంలోనే గట్టిగా పట్టుకుంటుంది.

దీనికి ఒక ఉదాహరణ శ్రీలంకలోని జాఫ్నా ప్రాంతంలో 2021 డిసెంబరులో జరిగింది. పాయింట్ పెడ్రో దగ్గర కొందరు యువకులు కలిసి పెద్ద పతంగిని లావు తాడుతో ఎగరవేస్తున్నారు. గాలి ఒక్కసారిగా గుంజింది. మిగిలినవారు తాడు వదిలారు. ఒకరు వదలలేదు. పతంగి ఆయనను మనిషి ఎత్తుకు ఎన్నో రెట్లు పైకి లేపింది. పైకి పోయాక వదలలేడు, పట్టుకొని ఉండలేడు. చివరకు కింద పడి, గాయాలతో ప్రాణాలు దక్కించుకున్నారు. నేల మీద కాలున్నప్పుడు వదిలితే ఏమీ కాదు. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ అవకాశం చేయి దాటిపోతుంది.

తైవాన్‌లోని షిన్‌చు పట్టణంలో 2020 ఆగస్టులో పతంగుల పండుగ జరుగుతున్నది. ఒక పెద్ద పతంగి పొడవాటి తోక మూడేండ్ల పాప ఒంటికి చుట్టుకొని, గాలి ఆ పాపను జనం తలల మీదుగా పైకి తీసుకుపోయింది. కింద ఉన్నవారు చేతులు చాచి పట్టుకోవడం వలన పాప చిన్న గాయాలతో బయటపడింది. పతంగి ఆ పాపది కాదు, తాడు ఆ పాప పట్టుకోలేదు. జోరు గాలిలో పెద్ద పటం దగ్గర నిలబడినవారు కూడా జాగ్రత్తగా ఉండాలని ఆ సంఘటన చెబుతుంది.

దారం సంగతి

ఇక మన భైంసాకు వద్దాము. మన పిల్లవాడి చేతిలో ఉన్నది కాగితపు పతంగి. అది వాడిని ఆకాశానికి లేపదు. కాని వాడు నిలబడినది పిట్టగోడ లేని మిద్దె మీద. కళ్లు పైన, అడుగులు వెనక్కు. జోరు గాలి గుంజినప్పుడు రెండు అడుగులు ముందుకు, ఢీల్ ఇవ్వడానికి బదులు గట్టిగా లాగడానికి నాలుగు అడుగులు వెనక్కు. మిద్దె అక్కడ అయిపోతుంది.

సముద్రం మీద ఆడేవారి మూడు మెట్లు మన పతంగికీ ఉన్నాయి. మొదటిది ఢీల్. గాలి గుంజితే దారం ఇవ్వు, ఎదురు గుంజకు. రెండవది చరఖా వదలడం. మూడవది దారం తెగిపోవడం. ఈ మూడవ మెట్టు మన పెద్దలు తయారు చేసినది కాదు. నూలు దారంలోనే అది ఉన్నది. నూలు దారం ఒక బలం దాటితే తెగుతుంది. చెట్టుకు చిక్కితే తెగుతుంది, బండి మీద పోయేవాడికి తగిలినా చాలావరకు తెగుతుంది. తెగడం దాని లోపమని పిల్లలు అనుకుంటారు. అదే దాని రక్షణ. పత్తి పండించి, పత్తి అమ్మి బ్రతికే ఈ ప్రాంతంలో నూలు దారం విలువ మనమే పిల్లలకు చెప్పాలి.

చైనా మాంజా అని పిలిచే నైలాన్ దారం ఈ మూడవ మెట్టును తీసివేసింది. అది తెగదు. తెగదు గనుకనే పిల్లలకు అది ముద్దు. తెగని దారానికి గాజుపొడి పూస్తే అది కత్తి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతటా ఈ నైలాన్ మాంజాను నిషేధించింది. నిషేధం ఉన్నా అది చాటుమాటుగా దొరుకుతూనే ఉన్నది. 2024 జనవరిలో, సంక్రాంతికి ముందు, హైదరాబాదులో ద్విచక్ర వాహనం మీద వెళుతున్న ఒక సైనికుని మెడకు ఇటువంటి మాంజా చుట్టుకొని ఆయన మరణించాడు. ఆ దారం అవతలి కొసన ఎవరో ఒక పిల్లవాడు ఉండి ఉంటాడు. తన పతంగి తెగిందని బాధపడి, ఇంటికి పోయి అన్నం తిని ఉంటాడు. తన చేతి దారం ఏమి చేసిందో వాడికి తెలిసి ఉండదు. తెలియజేయవలసినది మనము.

తీగలలో చిక్కిన పతంగి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కరెంటు తీగకు చిక్కిన పతంగి పోయినట్టే. కర్రతో, ఇనుప చువ్వతో దానిని తీయబోయి ప్రాణం పోగొట్టుకున్న పిల్లలున్నారు. తడిసిన దారం కరెంటును చేతిదాకా తెస్తుంది. ప్రమాదకరంగా దారం వేలాడుతుంటే 1912 నంబరుకు ఫోను చేసి విద్యుత్ శాఖవారికి చెప్పాలి. మనము ముట్టుకోరాదు.

పొలంలో ఒక పూట

తలిదండ్రులకు మేము చెప్పేది ఇది. పతంగి వద్దని అనకండి. వద్దంటే పిల్లవాడు దొంగచాటుగా పక్కింటి మిద్దె ఎక్కుతాడు. సెలవు రోజున ఒక్క పూట వానితో కలిసి ఊరి బయటకు వెళ్లండి. పంట తీసిన చదును పొలం చాలు. గడ్డెన్నవాగు ప్రాజెక్టు కట్ట మీదికి మాత్రం వెళ్లకండి. కళ్లు ఆకాశంలో ఉన్నవారికి నీటి అంచు మంచి చోటు కాదు.

ఇటువంటి పొలంలో ఒక తండ్రీ కొడుకుల మధ్య మాటలు ఎలా నడుస్తాయో మనకు తెలియనిది కాదు.

"బాపూ, బాగ గుంజుతుందే!"

"గుంజనియ్యి బిడ్డా. నువ్వు గుంజకు. ఢీల్ ఇయ్యి."

"తెగుతది బాపూ!"

"తెగితే తెగనియ్యి. పతంగి మళ్ల కొనుక్కుంటం. నీ వేళ్లు కొనుక్కుంటమా?"

ఈ నాలుగు మాటలు చాలు. ఒక్క పూటలో విన్నది వాడు మిద్దె మీద కూడా మరువడు. ఆడపిల్ల ఉన్న ఇంట ఆ పిల్లను కూడా వెంట తీసుకువెళ్లండి. చరఖా పట్టడానికే కాదు, పతంగి ఎగరవేయడానికి.

బయలుదేరే ముందు ఈ కింది సంగతులు చూసుకోండి.

దారం నూలుదేనా, గాజుపొడి లేనిదేనా అని చేతితో లాగి చూడండి. గట్టిగా లాగితే తెగాలి. లాగిన కొద్దీ సాగి, తెగకపోతే అది నైలాన్. దానిని వాడకండి, కొన్న అంగడివానికి తిరిగి ఇవ్వండి.

గాలి ఎటు వీస్తున్నదో పిడికెడు మన్ను జారవిడిచి చూడండి. పతంగి పోయే వైపు రోడ్డు గాని, కరెంటు తీగలు గాని ఉంటే చోటు మార్చండి.

చెట్ల కొమ్మలు మొత్తంగా ఊగుతూ, దుమ్ము లేచి కళ్లలో పడుతుంటే ఆ రోజు కొత్త పతంగికి రోజు కాదు. చిన్న పతంగి, పొడవాటి తోకతో సరిపెట్టండి. లేదా సాయంత్రం దాకా ఆగండి. ఉరుము వినిపిస్తే వెంటనే దారం వదిలి లోపలికి రండి. ఫ్రాంక్లిన్ చేసిన ప్రయోగం తరువాతి ఏడాది, 1753లో, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ పట్టణంలో ఉరుముల మబ్బు విద్యుత్తును పరీక్షించబోయిన రిచ్‌మాన్ అనే శాస్త్రవేత్త పిడుగు దెబ్బకు మరణించాడు. పండితునికే తప్పలేదు.

దారాన్ని వేలికి గాని, మణికట్టుకు గాని చుట్టుకోనీయకండి. చుట్టుకున్న దారం వదలమంటే వదలదు. చరఖా పట్టుకొనేవాడు వేరుగా ఉంటే మంచిది.

పతంగి లేవకముందే పిల్లవాని చేత మూడుసార్లు చేయించండి. "ఢీల్" అంటే దారం ఇవ్వాలి. "వదులు" అంటే చేతులు రెండూ తెరవాలి. ఆటగా చేయించండి, నవ్వుతూ చేయించండి. కాని చేయించకుండా పతంగిని లేపనీయకండి.

ఈ చివరి మాట పెద్దలమైన మనకు కూడా పనికివస్తుంది. భైంసా పక్కనే బాసరలో 2008లో ట్రిపుల్ ఐటీ ప్రారంభమైన నాటి నుండి, పదవ తరగతి ముగించగానే పిల్లలను హాస్టలుకు పంపిన ఇళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. పదహారేండ్ల వయసులో పిల్లలకు తగిలే గాలి జోరుగానే ఉంటుంది. ఆ రోజు మన చేయి కూడా భయంతో బిగుసుకుంటుంది. దారం పూర్తిగా తెంపుకోనక్కరలేదు, గట్టిగా గుంజనూ అక్కరలేదు. ఎంత ఢీల్ ఇవ్వాలో చెప్పే లెక్క పుస్తకాల్లో దొరకదు. పిల్లలతో పొలంలో ఒక పూట గడిపిన తలిదండ్రులకు అది కొంత తెలిసి ఉంటుంది.

సంక్రాంతికి ఇంకా సమయమున్నది. ఈ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్న మాంజాను బయటకు తీసి, పిల్లల ఎదుటనే లాగి చూడండి. తెగితే ఉంచండి. తెగకపోతే కత్తిరించి చెత్తలో వేయండి.